పడుకున్న ఇంజిన్, వంపుల్లేని వెంచరు

నేను రిటైరయ్యేనాటికి నా వయసు ముప్ఫై ఆరు. మా వీధిలో ఈ మాట ఎవరితో అన్నా ముందు నా ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతారు. తర్వాత గొంతు తగ్గించి, ఉద్యోగంలో ఏమైనా గొడవైందా అంటారు. రెండూ కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో రేసు కార్లకు ఫ్లాట్ ఇంజిన్లు తయారుచేయడం నా పని. ఇప్పుడు మేము పాల్గొన్న రేసుల్లో అందరికీ ఒకే రకం ఇంజిన్ సీలు వేసి ఇస్తున్నారు. సీలు వేసిన డబ్బాను మెరుగుపరచాలంటే గుడ్డతో తుడవడం తప్ప వేరే దారి లేదు. కాబట్టి ముందు పని రిటైరైంది. మర్యాద కోసం నేనూ దాని వెనకే వచ్చేశాను.

ఈ మధ్య ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. కాలేజీల మధ్య పోటీలకు చిన్న రేసు కార్లు కడుతున్నారట. "సార్, మేం కూడా ఫ్లాట్ ఇంజిన్ పెడదామనుకుంటున్నాం" అంటారు. నన్ను సార్ అనడమూ, ఫ్లాట్ ఇంజిన్ పెడదామనుకోవడమూ రెండూ తొందరపాటే. అయినా అడిగారు కాబట్టి రాస్తున్నాను. జీతాలు, హోదాలు రాయను. మా షెడ్డులో హోదా అంటే ఫ్యాను కింద కుర్చీ ఎవరిదన్నదే. అది మొదటి రోజు నుంచీ సూర్యం గారిది.

పడుకోవడం అంటే

మామూలు కారు ఇంజిన్లో సిలిండర్లు బస్టాపులో జనంలా వరసగా నిలబడి ఉంటాయి. ఫ్లాట్ ఇంజిన్లో రెండు అటు, రెండు ఇటు పడుకుని ఉంటాయి. మధ్యలో పిస్టన్లు తిప్పే ఇరుసు, క్రాంక్ షాఫ్ట్. మేము చేసిన రకంలో ఎదురెదురు పిస్టన్లు ఒకేసారి బయటికి వెళ్తాయి, ఒకేసారి లోపలికి వస్తాయి. క్రికెట్‌లో అంపైరు వైడ్ ఇచ్చినప్పుడు చేతులు రెండూ చాస్తాడు చూడండి, అలా. నిమిషానికి వేలసార్లు వైడ్ ఇచ్చే అంపైరును ఊహించుకుంటే మా ఇంజిన్ మీకు అర్థమైనట్టే. ఈ చెయ్యి విసురు ఆ చెయ్యి విసురుతో సరిపోతుంది కనుక ఇంజిన్ పెద్దగా వణకదు. బరువంతా నేలకు దగ్గరగా ఉంటుంది కనుక మలుపులో కారు తక్కువ ఒరుగుతుంది.

ఇంతవరకూ పుస్తకాల్లో ఉంటుంది. పుస్తకాలు చదివే మీరు నా దగ్గరికి వస్తున్నారు. పుస్తకాలు గట్టిగా చెప్పని సంగతి ఏమిటంటే, ఈ ఇంజిన్ ఎత్తు తగ్గిన మేరకు పక్కలకు పెరుగుతుంది, నలభై దాటిన మనిషిలాగా. ఆ పెరిగిన పక్కలు ఎక్కడ పెట్టుకోవాలన్నదే తర్వాత ఉద్యోగమంతా.

మా చలపతిరావు గారు

షెడ్డు, ఇంజిను, కారు, మా టీ ఖర్చు అన్నీ చలపతిరావు గారివి. పామర్రులో రైస్ మిల్లు, ఆ చుట్టుపక్కల చేపల చెరువులు ఉన్న మనిషి. వయసులో ఉన్నప్పుడు మద్రాసులో ఒక పాత విదేశీ కారు కొన్నారు. గుండ్రంగా బోర్లించిన గిన్నెలా ఉండి, వెనకవైపు ఇంజిన్ ఉండే కారు. ఆ ఇంజిన్ పడుకుని ఉండేది. వేరే వాళ్లు వయసులో వేరే వాటి మీద మనసు పారేసుకుంటారు, ఈయన దాని మీద పారేసుకున్నారు. చెరువులు కలిసొచ్చాక, అదే రకం ఇంజిన్ మనమే చేసి రేసు కారులో పెడదామని షెడ్డు తెరిచారు.

నన్ను ఇంటర్వ్యూ చేసింది ఆయనే. సర్టిఫికెట్లు చూడలేదు. "నిలబడ్డవాడు పడతాడు. పడుకున్నవాడు ఎక్కణ్ణుంచి పడతాడయ్యా?" అని అడిగారు.

"మంచం మీద నుంచండీ" అన్నాను.

ఉద్యోగం ఇచ్చారు. నాకంటే ముందు వచ్చినవాళ్లు గురుత్వ కేంద్రం గురించి చెప్పారని తర్వాత తెలిసింది. వాళ్లంతా ఇప్పుడు పెద్ద కంపెనీల్లో ఉన్నారు. సరైన జవాబు చెప్పినందుకు దక్కిన ఫలితం అది.

యజమాని ఎలాంటివాడని పిల్లలు అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్తాను. లెక్కలు చూపిస్తే ఆయనకు నిద్ర వచ్చేది. ఇంజిన్ స్టార్ట్ చేసిన ప్రతిసారీ పామర్రు నుంచి చుట్టాలను తెచ్చేవారు. వాళ్లు వేరుశనక్కాయలు తింటూ, శబ్దం బాగుందనో బాగాలేదనో తీర్పు ఇచ్చేవారు. ఒకాయన ప్రతిసారీ మైలేజీ ఎంత అని అడిగేవాడు. కానీ ఏదైనా విరిగినప్పుడు చలపతిరావు గారు "ఏది విరిగింది?" అని అడిగేవారే తప్ప "ఎవరు విరగ్గొట్టారు?" అని ఒక్కసారి కూడా అడగలేదు. ఈ ఒక్క గుణం ఉన్న యజమాని దొరికితే వేరుశనక్కాయల తొక్కలు ఊడ్చడానికి సిద్ధపడండి. నేను ఊడ్చాను.

ఇక సూర్యం గారు. జీవితమంతా లారీ ఇంజిన్లు విప్పి బిగించిన పెద్ద మేస్త్రీ. మా ఇంజిన్ మీద ఆయన అభిప్రాయం మొదటి రోజే చెప్పేశారు. "ఇంజినన్నాక నిలబడాలి బాబూ. ఇదేంటి, జ్వరమొచ్చినట్టు పడుకుంది" అన్నారు. చివరిదాకా అదే అభిప్రాయంతో, అంతే శ్రద్ధగా పనిచేశారు. పని చేయడానికి నమ్మకం అక్కర్లేదని ఆయన్ని చూశాకే నాకు తెలిసింది. కుర్చీ ఉంటే చాలు.

ఇడ్లీ మందం

మొదటి ఇంజిన్‌ను కారు ఫ్రేములో ఎంత కిందికి దించగలమో అంత కిందికి దించాం. చలపతిరావు గారు గొంతుకూర్చుని పక్కనుంచి చూసి, నేలకు తగులుతోందా లేదా అన్నట్టు చెయ్యి పెట్టి మురిసిపోయారు. అప్పుడు సూర్యం గారు పొగ గొట్టాలు చేతుల్లో పట్టుకుని వచ్చి, ఇవి ఎక్కడ పెట్టమంటారు అన్నారు.

మా ఇంజిన్‌కు గాలి పైనుంచి లోపలికి వెళ్తుంది, పొగ కిందినుంచి బయటికి వస్తుంది. కింద జాగా లేదు. జాగా లేకుండా చేయడానికే అప్పటిదాకా చెమటోడ్చాం. గొట్టాలు వంపు తిరగడానికి చోటు ఇవ్వాలంటే ఇంజిన్ పైకెత్తాలి. ఎత్తాం. చాలదన్నారు. ఇంకొంచెం ఎత్తాం. చివరికి నిలబడే ఇంజిన్‌తో పోల్చి బరువు ఎంత కిందికి దిగిందో చూస్తే, లాభం ఒక ఇడ్లీ మందం.

ఆ మాటే చలపతిరావు గారితో అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "హోటల్ ఇడ్లీయా, ఇంటి ఇడ్లీయా?" అన్నారు.

హోటల్దే అన్నాను. కొంచెం తేరుకున్నారు.

పెద్ద దేశాల పెద్ద జట్లు కూడా ఒకప్పుడు ఫ్లాట్ ఇంజిన్లతో రేసులు గెలిచాయి. తర్వాత ఎందుకు మానేశాయని అడిగితే, జవాబు ఈ ఇడ్లీ దగ్గరే మొదలవుతుంది. ఆ తర్వాత గాలి వచ్చింది. కారు అడుగున రెండు పక్కలా సొరంగాల్లాంటి దారులు పెట్టి, వాటి గుండా పోయే గాలితోనే కారును రోడ్డుకు అంటిపెట్టవచ్చని కనిపెట్టారు. ఆ సొరంగాలు ఉండాల్సిన చోట మన ఇంజిన్ చేతులు చాచుకుని పడుకుని ఉంటుంది. ఇంజిన్లో తప్పేం లేదు. అది అక్కడ ఉండటమే తప్పు. మీ కారుకు ఏ ఇంజిన్ మంచిదని అడక్కండి. మీ ఇంజిన్ చుట్టూ ఇంకా ఏమేం పట్టాలో అడగండి. స్పార్క్ ప్లగ్గు మార్చడానికి చెయ్యి పడుతుందా అన్నది కూడా అడగండి. మా కారులో పట్టదు. ప్లగ్గు మార్చాలంటే ఇంజిన్ దించాలి. దించినప్పుడల్లా సూర్యం గారు ఏమనేవారో ఇక్కడ రాయలేను.

వాస్తు ప్రకారం రేసు ట్రాకు

ఇంజిన్ కారులోకి ఎక్కాక తోలి చూడాలి. రేసు ట్రాకు చెన్నై పక్కన ఉంది. మాటిమాటికీ అంత దూరం పోలేం. చలపతిరావు గారి బావమరిదికి కంకిపాడు దగ్గర ఒక రియల్ ఎస్టేట్ వెంచరు ఉంది. సిమెంటు రోడ్లు వేశారు, స్థలాలకు రాళ్లు పాతారు, ఆర్చి కట్టారు. ఇళ్లు మాత్రం ఒక్కటీ లేదు. చుట్టూ గోడ, గేటుకు తాళం. ఇంతకంటే మంచి ట్రాకు ఎక్కడ దొరుకుతుందని అందరం సంబరపడ్డాం.

అక్కడ కారు తోలింది హంస. మంగళగిరిలో మగ్గాలున్న కుటుంబం, వాళ్ల నాన్న చీరల వ్యాపారం చేస్తారు. గో కార్టులనే చిట్టి రేసు బండ్ల దగ్గర మొదలుపెట్టి, గెలుచుకుంటూ పైకి వచ్చిన పిల్ల. మాట తక్కువ. కారు దిగి "బాగుందండీ" అంటే చాలా బాగున్నట్టు. "పర్లేదండీ" అంటే ఏదో విరిగినట్టు.

వెంచరులో కారు అద్భుతంగా పోయింది. తిన్నని రోడ్డు మీద దూసుకెళ్లడం, చివర బ్రేకు, చటుక్కున మలుపు, మళ్లీ దూకుడు. ఇంజిన్ ఒక్కసారి కూడా దగ్గలేదు. స్థలం చూసుకుందామని వచ్చిన ఒక కుటుంబం ఇదంతా చూసి, ప్లాటు కొంటే ఆ కారు కూడా ఇస్తారా అని బావమరిదిని అడిగారట. ఆయన కొద్దిసేపు ఆలోచించాడని విన్నాను.

కుడిచేతి వైపు

మొదటి రేసులో మూడో చుట్టు పూర్తవకముందే కారు ఆగిపోయింది. తాడు కట్టి లాక్కొచ్చారు. పొడవాటి కుడి మలుపులో, ఆయిలు అందడం లేదని చెప్పే ఆయిల్ లైటు వెలిగిందని హంస చెప్పింది. వెంచరులో ఎప్పుడూ వెలగని లైటు ఇక్కడెందుకు వెలుగుతుంది? లైటుదే తప్పని తేల్చాం. ఇంజిన్ లోపల క్రాంక్ షాఫ్ట్ బేరింగు కాలి ఉంది. అది వేరే సంగతి అనుకున్నాం. బేరింగు మార్చాం, లైటు వైరు మార్చాం, బల్బు మార్చాం. ఇంజిన్ చెప్పింది వినకుండా బల్బుకు వైద్యం చేసినవాళ్లం మేం.

రెండో రేసులో అదే మలుపు. మళ్లీ తాడు. హంస హెల్మెట్ తీసి, "లైటు బాగా పనిచేస్తోందండీ" అంది.

ఆ మధ్యాహ్నం ఇంజిన్ దించి ఎడమ వైపు సిలిండర్ల మీది మూత విప్పాను. ఆయిలంతా నా బూట్ల మీద పడింది. ఇంజిన్ నడుమ ఉండాల్సిన ఆయిలు ఎడమ కొసకు పోయి కూర్చుంది. పొడవాటి కుడి మలుపులో కారు తిరుగుతున్నంతసేపూ ఆయిలు ఎడమ పక్కకు నెట్టుకుపోతుంది. నిలబడ్డ ఇంజిన్లో అయితే దానికి పక్కకు పోయే చోటు తక్కువ. పడుకున్న ఇంజిన్లో మూరెడు వరండా ఉంది. అంతా అక్కడికి పోతుంది. పంపుకు ఆయిలు బదులు గాలి దొరుకుతుంది. బేరింగు కాలుతుంది.

మరి వెంచరులో ఎందుకు కాలలేదు?  నేనూ సూర్యం గారూ మళ్లీ వెంచరుకు వెళ్లి, ఆర్చి దగ్గర నిలబడి చూశాం. అన్నీ తూర్పు పడమరలు, ఉత్తర దక్షిణాలు. అంతా నలుచదరం. ఏ ప్లాటుకూ వీధిపోటు లేదు, ఏ మూలా తెగలేదు, ఏ రోడ్డూ వంపు తిరగలేదు. వంపు రోడ్డు మీద ప్లాటు మూల తప్పుతుంది, మూల తప్పితే ఎవరూ కొనరు. కాబట్టి మా కారు కొన్ని నెలలపాటు వాస్తు ప్రకారం పరుగెత్తింది. మలుపొస్తే ఆగినంత పని చేసి, లంబకోణంలో తిరిగి, మళ్లీ తిన్నగా పోయింది. ఆయిలు పక్కకు జరుగుదామనుకునేలోపే మలుపు అయిపోయేది. వెంచరు బయటికొస్తే కాలవ గట్టు రోడ్డు, అదీ గీత గీసినట్టే. పొడవాటి వంపు అనేది ఒకటి ఉంటుందని మా ఇంజిన్‌కు ఎవరూ చెప్పలేదు. డెల్టాలో పుట్టిన మాకూ తట్టలేదు.

సంగతి చెబితే బావమరిది నొచ్చుకున్నాడు. "మా వెంచర్లో బాగానే ఉందిగా" అన్నాడు. నిజమే. లోకమే వాస్తు ప్రకారం లేదు.

పెట్టెలోని ఇంజిన్

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. హంసకు మాత్రం నవ్వే వీలు లేదు. రెండో రేసు అయ్యాక కోయంబత్తూరు జట్టు ఒకదాని మేనేజరు మా గుడారానికి వచ్చాడు. వచ్చే సీజనుకు ఒక డ్రైవరు కావాలని, హంస మీద కన్ను ఉందని మర్యాదగానే చెప్పాడు. వేగం చూశాను, బాగుంది, కానీ కారును ఇంటికి తెచ్చే డ్రైవరు కావాలి, రెండు రేసుల్లోనూ ఈ కారు తాడు మీదే వచ్చింది, చివరి రేసు చూసి నిర్ణయిస్తాను అన్నాడు. తప్పు ఇంజిన్‌ది అని నేను చెప్పబోయాను. ప్రతి జట్టూ అదే చెబుతుంది అన్నట్టు తల ఊపి వెళ్లిపోయాడు.

ఇంట్లో సంగతి హంసే చెప్పింది. "మా నాన్నకు రేసులంటే కోపమేం లేదండీ. ఆగిపోయిన కారు పక్కన నిలబడటానికి చెన్నై దాకా ఎందుకు, విజయవాడలో షోరూం పెడుతున్నాం కదా, అక్కడ నిలబడొచ్చుగా అంటున్నారు." ఈ సీజన్లో ఏ జట్టూ తీసుకోకపోతే షోరూం కౌంటరులో కూర్చుంటానని మాట ఇచ్చిందట. చీరలు అమ్మడం చిన్న పనేం కాదు. ఆ పిల్లకు కావలసిన పని అది కాదు, అంతే.

షెడ్డులో ఒక మూల కొన్న ఇంజిన్ ఒకటి చెక్కపెట్టెలో ఉంది. నిలబడే రకం, పేరున్న కంపెనీది, ఆగదు. మా ఇంజిన్‌తో పోల్చి చూసుకుందామని చలపతిరావు గారే తెప్పించారు. చివరి రేసుకు దాన్ని పెడదామన్నాను.

ఆయన ముఖం మాడింది. "కొన్న ఇంజిన్‌తో పరిగెత్తడానికి ఇన్నేళ్లు షెడ్డు ఎందుకయ్యా? మనం చేసింది ఏం కావాలి?"

"ఆ అమ్మాయి ఏం కావాలండీ?" అన్నాను.

ఈ మాటతో షెడ్డంతా నిశ్శబ్దమైపోయిందని రాయాలని నాకూ ఉంది. పక్క షెడ్డులో లారీ బాడీ మీద సుత్తి దెబ్బలు పడుతున్నాయి. ఆయనకు వినపడలేదు. "ఏంటీ?" అన్నారు. మళ్లీ అన్నాను. "ఆఁ?" అన్నారు. మూడోసారి అరిచి చెప్పాను. గంభీరమైన మాటను మూడోసారి అరిస్తే అందులో గాంభీర్యం మిగలదు, కూరగాయలు అమ్ముతున్నట్టుంటుంది. అయినా ఆయనకు తగలాల్సిన చోట తగిలింది. హంసను పిలిచి, నువ్వే చెప్పమ్మా అన్నారు.

"నాకు పడుకున్నదైనా ఒకటే, నిలబడిందైనా ఒకటేనండీ. ఆగకపోతే చాలు" అంది.

అప్పుడు ఒప్పందానికి వచ్చాం. మా ఇంజిన్‌కు రెండు కొసల నుంచీ ఆయిలు లాగే పంపులు పెట్టి, ఆ ఆయిలును విడిగా ఒక ట్యాంకులోకి పంపి, అక్కడినుంచి మళ్లీ బేరింగులకు ఇస్తాను. తర్వాత ఇంజిన్‌ను పక్కకు వాల్చి నడుపుతాను. సగానికి సగం వాల్చి నడిపితే, లోపలి ఆయిలు పొడవాటి మలుపులో ఎటు పోతుందో అటే పోతుంది. అలా వాల్చినంతసేపూ లైటు వెలగకపోతే మన ఇంజిన్. వెలిగితే పెట్టె.

"వెలిగితే పెట్టె నేనే విప్పుతాను" అన్నారు చలపతిరావు గారు.

వాల్చిన రోజు

ఇంజిన్‌ను ఇనప ఫ్రేములో బిగించి, చైన్ పుల్లీకి తగిలించి పైకి లేపాం. చలపతిరావు గారు ఆ రోజు చుట్టాలను తీసుకురాలేదు. వేలాడుతున్న తన ఇంజిన్‌ను చూసి, "ఉరేశారేంటయ్యా" అని మాత్రం అన్నారు. హంస గోడకు ఆనుకుని నిలబడింది.

స్టార్ట్ చేశాం. తిన్నగా ఉన్నంతసేపు బాగుంది. కుడికి వాల్చాం, బాగుంది. ఎడమకు వాల్చి కాస్త రేజు చేసి వేగం పెంచగానే లైటు వెలిగింది. నేను వెంటనే ఆపేశాను.

 చలపతిరావు గారు మూలకు వెళ్లి, పలుగు తీసుకుని చెక్కపెట్టె మూత కింద దూర్చారు. మాట మీద నిలబడే మనుషులతో వచ్చే ఇబ్బంది అదే, ఆలోచించుకోవడానికి టైమివ్వరు. మొదటి మేకు కిర్రుమంది.

"ఒక్క నిమిషం ఆగండి" అంది హంస. "ముందు ఆ ఎడం పక్క మూత తీసి చూద్దామండీ."

పెట్టె తెరిస్తే లాభం ఎవరికో, ఆ పిల్లే ఆపింది. ఆయన పలుగు అలాగే పట్టుకుని నిలబడ్డారు. వాలి ఉన్న ఇంజిన్‌కు మూత విప్పాం. ఆయిలు పీల్చే రంధ్రం మూత అడుగున, సరిగ్గా మధ్యలో పెట్టాను. నీళ్లు పల్లంలోకి పోతాయి కదా అని ఊహ. పొలంలో మురుగు తూము పెట్టే లెక్క. ఇంజిన్ తిన్నగా ఉన్నంతసేపు అది పల్లమే. వాల్చాక పల్లం బయటి మూలకు మారింది. ఆయిలు ఆ మూలన హాయిగా కూర్చుంది. నా రంధ్రం పొడిగా ఉంది. మలుపులో పల్లం జరుగుతుంది. ఈ చిన్న ముక్క రాసుకోండి. ఈ వ్యాసంలో పరీక్షకు పనికొచ్చేది ఇదొక్కటే.

పైపు బయటి మూలకు మార్చాం. కుడి వైపుది కూడా అలాగే మార్చాం. మళ్లీ బిగించి, మళ్లీ ఎడమకు వాల్చి, ఈసారి గట్టిగా రేజు చేశాను. లైటు వెలగలేదు. ఇంకాసేపు ఉంచాను. వెలగలేదు. ఈ లోపల పక్క షెడ్డువాళ్లు వచ్చి ఏమైందని అడిగి వెళ్లారు. బల్బు మాడిందేమోనని సూర్యం గారు విప్పి చూశారు. బల్బు బాగుంది. మేమే దాన్ని నమ్మే స్థితిలో లేం.

"మనదే పెట్టండి" అంది హంస. చలపతిరావు గారు పలుగును గోడకు ఆనించి, ఊడిన మేకును సుత్తితో మళ్లీ కొట్టేశారు.

చివరి రేసు

ఈ రేసు గురించి ఉత్కంఠగా రాయమని అడుగుతారు. వీలు కాదు. అంత చప్పటి రేసు నేను చూడలేదు. హంస ఆరో స్థానంలో మొదలుపెట్టింది. ముందున్న ఒకతను తప్పు చేసి పక్కకు పోతే ఐదో స్థానానికి వచ్చింది. అక్కడే ఉండిపోయింది. కుడి మలుపు వచ్చినప్పుడల్లా మేం ముగ్గురం కుర్చీల్లోంచి సగం లేచేవాళ్లం. కారు బయటికొచ్చాక మళ్లీ కూర్చునేవాళ్లం. గుడిలో ప్రదక్షిణల మధ్య గుంజీలు తీస్తున్నట్టుంది. చలపతిరావు గారి సంచిలోని వేరుశనక్కాయలు అలాగే ఉండిపోయాయి. ఆఖరికి జెండా ఊపారు. కారు తన ఇంజిన్‌తో, తన చక్రాల మీద, తాడు లేకుండా గుడారానికి వచ్చి ఆగింది.

కోయంబత్తూరు మేనేజరు వచ్చి హంసతో పక్కకు వెళ్లి మాట్లాడాడు. తిరిగొచ్చి, "వచ్చే నెల రమ్మన్నారండీ" అంది. వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది. ఆయన ఏమన్నారో అడిగాను. షోరూం కౌంటరులో వేరే మనిషిని చూసుకోవాలి కదా, ఒక్క రోజు ముందు చెబితే ఏం పోయింది అన్నారట.  

ఇదంతా అయ్యాక చలపతిరావు గారు గొంతు సవరించుకుని, ఇన్నేళ్లుగా అడగాలనుకున్న ప్రశ్న అడిగారు. "అమ్మాయ్, మన ఇంజిన్ ఎలా ఉంది?"

హంస ఆలోచించింది. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది.

"గుర్తులేదండీ" అంది. "ముందు కారునే చూస్తూ ఉండిపోయాను. ఇంజిన్ సంగతి మర్చిపోయాను."

 సామాను సర్దాక చలపతిరావు గారూ, సూర్యం గారూ, నేనూ జీపులో బయల్దేరాం. వెనక ట్రాలీ మీద కారు. నెల్లూరు దాటాం. ఒంగోలు ఇవతల టీకి ఆగినప్పుడు గ్లాసు చేతిలో పట్టుకుని చలపతిరావు గారు మొదలుపెట్టారు.

"ఇన్నేళ్లు చేశాం. బాగుందంటే బాగుందనాలి, లేదంటే లేదనాలి. గుర్తులేదంటుందేంటయ్యా?"

సూర్యం గారు టీలో బిస్కెట్ ముంచుకోవడంలో ఉన్నారు. ఇక చెప్పాల్సింది నేనే.

"మీ మిల్లు బియ్యం ఎంతమంది తింటారండీ?"

"జిల్లా అంతా తింటుంది. ఎందుకూ?"

"అన్నంలో రాళ్లు తగల్లేదని మీకు ఎవరైనా ఫోన్ చేశారా?"

ఆయన టీ తాగారు. రోడ్డు వైపు చూశారు. ట్రాలీ మీద తాడుతో కట్టిన కారు వైపు చూశారు.

"ఒక్కడూ చెయ్యలేదయ్యా" అన్నారు. గ్లాసు కింద పెట్టి, "వెధవలు" అన్నారు, ఎంతో ప్రేమగా. ఇంకో టీ చెప్పారు.